శైలవర్ణనము – ద్రష్టృధర్మము

మహాకావ్యమునకు లాక్షణికులు విధించిన అష్టాదశవర్ణనములలో శైలవర్ణన మొకటి. నగరము, సముద్రము, ఋతువులు, చంద్రోదయము మున్నగువానితో పాటు కొండను గూడ వర్ణింపవలెనను నియమమును మన ప్రబంధకవులు శ్రద్ధతో పాటించిరి. విమర్శకులును అంతే శ్రద్ధతో ఆ వర్ణనములను పరిశీలించిరి. అలంకారము లుచితములా, పూర్వకవుల అనుకరణ మెంత, స్వతంత్రకల్పన మెంత అను ప్రశ్నలు మనకు చిరపరిచితములు. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'కవిత్వతత్త్వ విచారము' వెలువడిన పిమ్మట, వర్ణనమునకును కథకును గల సంబంధ మెట్టిదను ప్రశ్న గూడ వీనితో చేరినది. ఇవి యన్నియు అవసరమైన ప్రశ్నలే. కాని వీనిలో దేనికిని లోబడని అంశ మొకటి మిగిలి యున్నది. వర్ణింపబడిన ప్రతి కొండకును దానిని చూచినవా డొకడు కలడు. అతడు అక్కడికి ఎట్లు వచ్చెను? ఎంతకాలము నిలిచెను? అక్కడ నున్నవారిలో ఎవరిని చూచెను, ఎవరిని చూడక పోయెను? ఈ మూడు ప్రశ్నలను వేయనిదే శైలవర్ణన విమర్శ సమగ్రము కాజాలదని ఈ వ్యాసము ప్రతిపాదించుచున్నది.

ఈ ప్రతిపాదనము కేవలము శాస్త్రచర్చకు సంబంధించినది కాదు. పూర్వము కొండ కావ్యములో నుండెడిది. నేడు చట్టములో గూడ నున్నది. పర్వతప్రాంతములను జాతీయవనములుగ ప్రకటించి, వానికి ఎల్లలు గీచి, ఎవరు ఎప్పుడు ప్రవేశింపవచ్చునో, ఎవరు ప్రవేశింపరాదో ప్రభుత్వములు నిర్ణయించుచున్నవి. ఆ నిర్ణయముల వెనుక ఆ ప్రాంతమును గూర్చిన ఒక చిత్రము తప్పక యుండును. ఆ చిత్రమును గీచినది పలుమారు సాహిత్యమే. వర్ణనమును చదివి జనులు కొండకు పోవుదురు. వర్ణనమును నమ్మి అధికారులు కొండను కాపాడుదురు. కావున వర్ణనములోని లోపము గ్రంథములోనే నిలిచిపోదు, కొండపైకి గూడ ఎక్కును.

పరిశీలనకై మూడు గ్రంథములను గ్రహించుచున్నాను. మొదటిది అల్లసాని పెద్దన మనుచరిత్రము. రెండవది ఫ్రాంక్ స్మైత్ 1938లో ప్రకటించిన 'పుష్పముల లోయ'. మూడవది ఎరిక్ షిప్టన్ 1936లో ప్రకటించిన 'నందాదేవి'. పదునారవ శతాబ్దపు తెలుగు ప్రబంధమును ఇరువదవ శతాబ్దపు ఆంగ్ల యాత్రాగ్రంథములతో ఒకచోట చేర్చుట కొందరికి వింతగా తోపవచ్చును. అయితే ఈ మూడింటికిని భూమి యొక్కటే. ప్రవరుడు హిమాలయమున చూచిన స్థలములలో నరనారాయణుల బదరీవనము కలదు. ఆ బదరీక్షేత్రమును, పుష్పముల లోయయు, నందాదేవి శిఖరమును నేడు ఉత్తరాఖండ రాష్ట్రములోని చమోలీ జిల్లాకు చెందినవే. ఇక్కడ పోల్చునది ఆ గ్రంథముల రసమును గాదు, అందలి ద్రష్టల నడవడిని.

ముందు ప్రవరుని విషయము. అరుణాస్పదపురమున నిత్యాగ్నిహోత్రియైన ఈ గృహస్థునకు తీర్థసందర్శనకుతూహలము మెండు. ఇల్లు విడుచుటకు వీలు లేదు. వచ్చిన యాత్రికుల నెల్ల ఆయా స్థలముల విశేషములడిగి తెలిసికొనుట అతని కలవాటు. అట్టివానికి సిద్ధుడు పాదలేప మొసగెను. ఆ పసరు పూసికొనిన క్షణమున అతడు హిమాలయమున నుండెను. తీర్థయాత్రలో నడక గూడ ఒక భాగమని మన సంప్రదాయము భావించినది. దారి, అలసట, మజిలీ, తోడి యాత్రికుల మాట, ఇవన్నియు దర్శనమునకు అర్హతను కలిగించు సోపానములు. ప్రవరునకు ఈ సోపానము లేవియు లేవు. ఇంటికిని కొండకును నడుమ నుండవలసిన దేశమంతయు అతనికి లేకుండ పోయినది. కనుకనే అతనికి కొండ యొక వింతల ప్రోగుగ మాత్రమే కనబడినది. ఒకటి చూచి మరియొకటి, అది చూచి వేరొకటి. ఏదియు అతనిని నిలుపలేదు.

పెద్దన ఈ స్థితిని గమనింపక వ్రాసెనని తలచుట పొరపాటు. మధ్యాహ్నము కాగా ప్రవరుడు, ఈ కొండ మహిమ నెన్న బ్రహ్మకైనను తరముగాదని, మిగిలిన వింతలను రేపు వచ్చి చూడవచ్చునని అనుకొనెను. ఆ 'రేపు' అను మాట మన విమర్శలో తగినంత విచారణకు రాలేదు. పాదలేప మున్నవానికి కొండ యెప్పుడును అందుబాటులో నుండు వస్తువు. తా నెప్పుడు వచ్చినను అది యట్లే యుండునని అతని నమ్మకము. అంతలో ఎండకు కరగిన మంచునీటిలో ఆ పసరు కరగిపోయినది. ఇది వరూధినీసమాగమమునకై కవి కల్పించిన ఉపాయ మని సామాన్యముగ చెప్పుదురు. ఉపాయమే కావచ్చును, కాని ఆ పసరును కరగించినది శత్రువు గాదు, శాపము గాదు. అతడు చూడవచ్చిన మంచే దానిని కరగించినది. కొండ తన్ను చూడవచ్చినవానిని తన నేలపై నిలబెట్టినది. అప్పటినుండి ప్రవరునకు కావలసినది వింత గాదు, దారి. ఆ దారి చెప్పుటకు అక్కడ నివసించువారిలో ఒకరు కావలెను. చూచువాడు అడుగువా డయ్యెను. ద్వితీయాశ్వాసమున ఇంతకంటె లోతైన మలుపు లేదని నా యభిప్రాయము.

రెండవ ద్రష్ట స్మైత్. ఇతడు 1931లో కామెత్ శిఖరమును తొలిసారి అధిరోహించిన బృందమునకు నాయకుడు. తిరుగు ప్రయాణమున భ్యూందార్ కనుమను దాటి దిగుచుండగా పూవులతో నిండిన లోయ యొకటి ఆ బృందమునకు కనబడినది. ఇంతవరకు అతని దర్శనమును యాదృచ్ఛికమే. కాని అతడు దానితో తృప్తిపడలేదు. 1937లో మరల వచ్చి, ఆ లోయలో గుడారము వేసి వానకాల మంతయు గడపెను. మొక్కలను, విత్తనములను సేకరించెను. పరిసర శిఖరములను గూడ ఎక్కెను. అతని గ్రంథము ఆ నివాసఫలము. ప్రవరునకు అరపూట చాలినది. స్మైత్‌కు ఒక ఋతువు కావలసివచ్చినది. నిలుకడ చేత వర్ణనమున కేమి లభించునో ఈ గ్రంథమున స్పష్టముగ చూడనగును. పూలరాశి యని సమష్టిగ చెప్పుటకు బదులు, ఏ పూవు ఏ వాలున, ఏ రాతి నీడన, ఏ వారమున విరియునో చెప్పగల శక్తి లభించును. మన కవిసమయములలో కొండపై అన్ని ఋతువుల పూవులును ఒక్కసారి పూయుట కలదు. కాలము నెరిగిన వర్ణనము దానికి భిన్నమైనది. కాలము నెరిగినవానికే, ఏ కాలమున ఆ స్థలమును వదలివేయవలెనో గూడ తెలియును.

అయినను స్మైత్ గ్రంథమునకు వేరొక ఫలము కలిగినది. ఆ లోయకు అతడు పెట్టిన పేరే లోకమున నిలిచినది. స్థానికులు భ్యూందార్ అని పిలుచుకొను ప్రాంతములోని ఒక భాగము ఒక గ్రంథనామమును ధరించి 1982లో జాతీయవన మయ్యెను. 'ఫూలోం కీ ఘాటీ' యను హిందీ పేరు గూడ దాని అనువాదమే. పేరు పెట్టుట యనగా చూడవలసినది ఏదో నిర్ణయించుట. పూవుల పేరు పెట్టగా, పూవులు తప్ప తక్కినవి, అనగా గడ్డి, మంద, కాపరి, కాలిబాట, చూపు అంచునకు తొలగిపోయినవి. పేరు దృష్టి నెట్లు మరల్చునో తెలుగువారికి తెలియుటకు చిన్న యుదాహరణము చాలును. మన పెరళ్ళలో రాత్రివేళ పూచు బ్రహ్మకమలము అమెరికా ఖండములకు చెందిన ఒక జెముడుజాతి మొక్క. హిమాలయమున ఆ పేరుగల పూవు వేరు. అది ఉత్తరాఖండమునకు రాష్ట్రపుష్పము. పేరు మాత్రమే విని అక్కడికి పోయినవాడు ఎదుటనున్న పూవును గుర్తింపజాలడు.

మూడవ ద్రష్ట షిప్టన్. కామెత్ బృందములో ఇతడును ఒకడు. నందాదేవి శిఖరము ఎత్తు 7,816 మీటర్లు. దానిని చుట్టి యున్న శిఖరవలయమునకు సహజమైన ద్వార మొక్కటే, ఋషిగంగ కోసిన ఇరుకైన లోతైన లోయ. 1934లో షిప్టన్, టిల్మన్ అనువారిరువురు అంగ్‌థార్కే, పసాంగ్, కుసాంగ్ అను ముగ్గురు షెర్పాలతో ఆ మార్గమున లోపలి గర్భమును చేరిరి. ఈ గ్రంథమునకు గల విలువ దాని మితత్వమున నున్నది. పెద్ద దండును వెంటబెట్టుకొనక, తక్కువ సామగ్రితో, తక్కువ వ్యయముతో పోవుట షిప్టన్ కొక సిద్ధాంతము. తోడువచ్చిన షెర్పాలను అతడు కూలివాండ్రుగ గాక సహచరులుగ చిత్రించెను. ఎట్లు వచ్చెనను మన మొదటి ప్రశ్నకు అతని సమాధానము ముగ్గురిలోను శ్రేష్ఠము.

కాని ద్వారము తెరచుకొన్నదను వార్త మితముగ పోదు. 1936లో టిల్మన్, ఓడెల్ శిఖరమును చేరిరి. 1974 ప్రాంతమున ఆ గర్భము విదేశీయ బృందములకు మరల తెరువబడగా, పర్వతారోహకులును యాత్రికులును పెరిగిరి. వంటచెరకునకై ఎత్తుప్రదేశపు పొదలు నరుకబడినవి, చెత్త పేరుకొన్నది, కస్తూరిమృగములకు వేటగాండ్ర వలన హాని కలిగినది. షిప్టన్ గ్రంథమును చదివి వచ్చినవారు అతని దారిని గ్రహించిరి గాని అతని మితమును గ్రహింపలేదు. 1982లో అది జాతీయవనముగ ప్రకటింపబడినది; మరుసటి యేడు పర్వతారోహణము నిషేధింపబడినది. 1988లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వముగ గుర్తించెను. పుష్పముల లోయ 2005లో దానితో చేర్చబడినది.

ఇక్కడ మూడవ ప్రశ్న ముందుకు వచ్చుచున్నది: ఎవరిని చూడక పోయిరి? ఋషిగంగ ముఖద్వారమున రేణీ, లాతా మొదలగు గ్రామములు కలవు. 1974 మార్చి 26న రేణీ గ్రామపు స్త్రీలు గౌరాదేవి నాయకత్వమున గొడ్డండ్లకు అడ్డుపడి అడవిని రక్షించిరి. చిప్కో ఉద్యమమున అది ప్రసిద్ధఘట్టము. ఎనిమిది సంవత్సరముల పిమ్మట వచ్చిన ఉత్తరువు ఆ గ్రామములవారికి గూడ ఆ గర్భమును మూసివేసినది. వారి మేతభూములు పోయినవి. యాత్రికులకు దారిచూపి, బరువులు మోసి సంపాదించుకొను జీవనము పోయినది. అడవిని చెరుపవచ్చినవారిని ఎదిరించిన చేతులును, చెత్త వదలిపోయిన చేతులును ఆ ఉత్తరువు దృష్టిలో ఒక్కటే అయ్యెను. 1998లో గ్రామస్థులు తమ హక్కును చాటుచు వనములోనికి నడచిరి. 2001లో లాతాయందు సమావేశమై, యాత్రలు స్థానికుల చేతిలో, ప్రకృతికి హాని లేకుండ సాగవలెనని తీర్మానించిరి. 2003 నుండి ఒక పరిమితమార్గమున కొద్దిమంది యాత్రికులకు అనుమతి లభించినది.

ఈ మూసివేత తప్పని నేను చెప్పుట లేదు. ఆ గర్భమున మొక్కలును మృగములును మరల కోలుకొనుటకు విశ్రాంతి యవసరమై యుండెను. తప్పు విశ్రాంతినిచ్చుటలో లేదు. నిర్జనమైన స్వర్గమును దానికి ఆదర్శముగ తీసికొనుటలో నున్నది. ఆ యాదర్శము యాత్రాగ్రంథముల నుండి వచ్చినది. తొలిసారి అడుగుపెట్టితిమను ఆనందము ఆ గ్రంథములకు ప్రాణము. అందువలన కొండ మానవస్పర్శ లేనిదై కనబడుట వారి వర్ణనమున కవసరము. వర్ణనమునకు అందమైన ఆ శూన్యము ఉత్తరువులో చేరగానే కొందరి బ్రదుకులకు వెలి యయ్యెను.

పుష్పముల లోయలో ఈ విషయము మరింత సూక్ష్మముగ కనబడును. జాతీయవన మైన పిమ్మట అక్కడ పశువులను మేపుట ఆగిపోయినది. తరువాతి కాలమున పాలిగోనమ్ అను జాతికి చెందిన ఎత్తైన మొక్క విస్తరించి చిన్నపూల మొక్కలకు నీడయై అడ్డుపడినది. మందలు లేకపోవుటయే దీనికి కారణమని కొందరు శాస్త్రజ్ఞులు చెప్పగా, కొండచరియలు విరిగి నేల కదలుట, పూర్వపు మేపు మిగిల్చిన మార్పులు కారణములని మరికొంద రనిరి. అటవీశాఖ ఆ మొక్కను పెరికించుచు వచ్చినది. ఈ వివాదమును తీర్చుట మన పని కాదు. సాహిత్యవిద్యార్థి గ్రహింపవలసిన దొక్కటి: స్మైత్ చూచిన పూలతోట మంద లెరుగని తోట కాదు, మందలు వచ్చిపోవు తోట. వర్ణనములో గొఱ్ఱెల కాపరి అంచునకు జరిగెను. రక్షణలో ఎల్ల అవతలికి జరిగెను. అతడు తొలగిన పిమ్మట, తోట యెట్టిదో మరల తెలిసికొనవలసి వచ్చినది.

అట్లని స్థానికుల చూపు సర్వదా నిర్దోషమనియు అనరాదు. ఆ ప్రాంతపు జనులకు నంద పర్వతము మాత్రమే కాదు, తమ ఇంటి ఆడపడుచు. పండ్రెండేండ్ల కొకసారి జరుగవలెనని చెప్పబడు రాజజాత యాత్రలో ఆమెను పుట్టినింటి నుండి అత్తవారింటికి సాగనంపుదురు. నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడచును. స్త్రీలు పాటలు పాడుదురు. మన ఇండ్లలో అప్పగింతల పాటలు విన్నవారికి ఈ భావమును విప్పి చెప్పనక్కరలేదు. కొండను వింతగ గాక బంధువుగ చూచుట ఇది. పైమూడు గ్రంథములలో ఏదియు దీనిని అందుకొనలేదు. అయినను జనసమ్మర్ద మపారమైనప్పుడు బంధువుల పాదములును బరువే. ఎత్తైన పచ్చికబయళ్ళలో రాత్రి బసను 2018లో ఉత్తరాఖండ ఉన్నతన్యాయస్థానము నిషేధించెను. పుష్పముల లోయలోను రాత్రి బసకు అనుమతి లేదు. ఘాంగరియానుండి పగలు పోయి పగలే మరలవలెను. భక్తి యైనను, సౌందర్యదృష్టి యైనను, హద్దు లేనిచో హాని యొక్కటే.

ఇంతకును ఒక ఆక్షేపణము వినవచ్చును. కావ్యప్రయోజనము రసానందము; దానిని పర్యావరణరక్షణ యను తూనికరాతితో తూచుట న్యాయమా? పెద్దన వర్ణనమున ఏనుగులు, సింహములు, అప్సరసలు మంచుకొండపై కూడియున్నచో, స్థలవాస్తవము చాలదని అతనిని తప్పుపట్టుదుమా? తప్పుపట్టరాదు. కవిసమయమునకు దాని న్యాయము దానికి కలదు. ఈ వ్యాసము కోరునది వర్ణ్యమును గూర్చిన వాస్తవికత గాదు, ద్రష్టను గూర్చిన నిజాయితీ. ఆ కొలతకు మనుచరిత్రము భయపడనక్కరలేదు. పైగా ఆ కొలతతోనే దానిలోని ఒక ఐక్యము బయటపడుచున్నది.

అది యెట్లనగా: మనుచరిత్రమును వరూధినీప్రవరుల ఘట్టముతో ముగిసినట్లు చదువుట మనకు పరిపాటి యైనది. కాని కథ స్వరోచి వరకు సాగును. ఈ స్వరోచికి సకలప్రాణుల భాషలను ఎరుంగు విద్య లభించెను. వేటకు పోయిన అతనితో ఒక ఆడులేడి మాటలాడెను. అతడు కౌగిలింపగా అది వనదేవత యయ్యెను. ఆమెయందు జన్మించినవాడే స్వారోచిషమనువు. అతని పేరే కావ్యమునకు పేరయ్యెను. కొండను చూడవచ్చి దాని భాష తెలియక దారి తప్పినవానితో మొదలైన కావ్యము, అడవి భాష తెలిసినవానితో ముగియుచున్నది. ధర్మకర్తయగు మనువు తల్లి అడవి. మార్కండేయపురాణమునుండి వచ్చిన కథయే యైనను, ఆ రెండు కొసలను ఒక ప్రబంధమున నిలిపి చూపినవాడు పెద్దన. ద్రష్టృధర్మ మను ప్రశ్న వేయనిచో ఈ రెండు కొసలు మనకు దూరదూరముగనే యుండును.

నేటి యాత్రికునకు పాదలేపముల కొరత లేదు. ఘాంగరియా వరకు యాత్రాకాలమున హెలికాప్టర్లు పోవుచున్నవి. ఛాయాచిత్రము క్షణములో లోకమంతట వ్యాపించుచున్నది. 'రేపు చూడవచ్చును' అను ప్రవరుని నమ్మకము మాత్రము సడలుచున్నది. 2013 జూన్‌లో వరదలు గోవిందఘాట్ దారిని కోసివేసినవి. 2021 ఫిబ్రవరి 7న రోంతీ శిఖరపు వాలునుండి రాయియు మంచును విరిగిపడి, ఋషిగంగ పొంగి, రేణీ, తపోవనముల యొద్ద నున్న విద్యుత్కేంద్రములను తుడిచివేసి, ఇన్నూరుమందికి పైగా బలిగొన్నది. కొండ నిశ్చలమను ఉపమానమును ఇక మనము ఆలోచించి వాడవలసి యున్నది.

తెలుగు పరిశోధకులకు ఈ మార్గమున పని మిక్కిలి కలదు. మన క్షేత్రమాహాత్మ్యములు, స్థలపురాణములు, యాత్రాచరిత్రలు కొండలతో నిండి యున్నవి. 1989లో జాతీయవన మైన శేషాచలప్రాంతమును, 2008లో జాతీయవన మైన పాపికొండలును మన సాహిత్యమునకు క్రొత్తవి కావు. ఆ గ్రంథములలో అలంకారములను లెక్కించినంత ఓపికతో, అందలి ద్రష్ట నడచి వచ్చెనా, ఎన్ని దినములు నిలిచెను, దారి చెప్పిన కొండరెడ్డినో యానాదినో పేర్కొనెనా లేదా అని గూడ లెక్కింపవలెను. ఆ లెక్క తేలినప్పుడు శైలవర్ణనము పదునెనిమిదింటిలో ఒక విధి మాత్రమే కాక, కొండ యెడల మన బాధ్యతకు సాక్ష్యముగ గూడ నిలుచును. చూచుట హక్కు కాదు. చూచినందులకు తీర్పవలసిన ఋణము కలదు. ఆ ఋణము తీర్చు పద్ధతులలో సరిగా వర్ణించుట మొదటిది. వర్ణనమును సరిగా చదువుట రెండవది.